బట్టల సంచి వాపస్ వచ్చింది, ఇప్పుడేం చేయాలె అక్కా?

"అక్కా నమస్తే. మాది వరంగల్, దేశాయిపేట దిక్కు. మా అమ్మ ఇంటి వెనక రెండు రేకుల రూములు ఉన్నయి, పోయిన చలికాలం ఒక ఒడిశా కుటుంబానికి కిరాయికి ఇచ్చినం. బలంగీర్ జిల్లా అంట. ఆయన రైస్ మిల్లుల హమాలీ, ఒడిశా ఆమె బిల్డింగ్ పనికి పోతది. ముగ్గురు పిల్లలు. పెద్దపిల్లకు తొమ్మిదేండ్లు, నడిపోనికి నాలుగైదు, చిన్నోడు ఇంకా పాకుతుండు. పెద్దపిల్ల బడికి పోదు, పొద్దంత చిన్నోన్ని సంకనేసుకొని గేటు కాడ నిలవడ్తది. ఏదన్న చేద్దామని మా చుట్టాల ఇండ్లల్ల పాత చీరెలు, బట్టలు జమ చేసి పెద్ద సంచి నిండ ఇచ్చిన. తెల్లారి చూస్తే ఆ సంచి మా గేటుకే తగిలేసి ఉన్నది, ముడి గూడ విప్పలేదు. మస్తు బాధ అనిపిచ్చింది. కాలనోళ్ళేమో 'ఆ బిహారోళ్ళను ఖాళీ చేపియ్యి' అని అమ్మను సతాయిస్తున్నరు. నల్లా కాడ రోజూ లొల్లి. ఎవలిదో సైకిల్ పోతే వీళ్ళ మీదనే అనుమానం. అమ్మ గూడ 'గొర్రెకుంట మర్చిపోయినవా' అంటది. వాళ్ళ ఆధార్ కార్డులు మిల్లు సేటు దగ్గర ఉన్నయట. రేషన్ లేదు, గ్యాస్ లేదు, కట్టెల పొయ్యి. మా తమ్ముడు షార్జాల ఉంటడు అక్కా, వాన్ని ఎవలన్న గిట్ల చూస్తే ఎట్లుంటది అనిపిస్తది. వాళ్ళు ఇక్కడ మంచిగ కుదురుకోవాలంటే నేనేం చేయాలె?"

చెల్లె, నీ ఉత్తరం పొడుగ్గ ఉండె, ఇక్కడ కురుచ చేసి పెట్టిన. అసలు దాంట్ల నాలుగు చోట్ల "ఒడిశా ఆమె" అని రాసినవు. ఎనిమిది నెలల నుంచి మీ ఇంటి వెనకనే ఉంటున్నది, మీ నల్లా నీళ్ళే తాగుతున్నది, ఆమె పేరు మాత్రం ఒక్క చోట గూడ లేదు. తిట్టుడు కాదు గని సంచి ఎందుకు వాపస్ వచ్చిందని అడిగినవు కదా, నాకైతే జవాబు ఆడనే కనిపిచ్చింది.

ఆమె నీకు కిరాయిదారు. రోజంత ఇటుకలు, ఇసుక మోసి తెచ్చిన కూలిల నుంచి నెలనెలా మీ అమ్మ చేతుల పైసలు పెడుతున్నది. అసొంటి మనిషికి పేరు గూడ అడగకుండ ఎవలెవలో కట్టి ఇడిసిన చీరెలు సంచిల కుక్కి ఇస్తే తీసుకుంటదా? షార్జాల మీ తమ్ముడు డ్యూటీ నుంచి వచ్చేసరికి రూము ముంగట ఎవలో తెల్వని అరబ్బాయన తొడిగి ఇడిసిన అంగీల మూట పెట్టి పోయిండనుకో, వాడు సంబురపడ్తడా, పక్క రూమోళ్ళు ఏమనుకుంటరో అని సిగ్గుపడ్తడా? అయినా ఆమె పారెయ్యలే, మంచిగ తెచ్చి గేటుకు తగిలేసి పోయింది. మర్యాద తెలిసిన మనిషి లెక్కనే ఉన్నది నాకైతే.

నా సంగతి ఒకటి చెప్త, ఇది నేను ఎక్కువ మందికి చెప్పుకునే ముచ్చట కాదు. మాది కొత్తవాడ. మగ్గం మీద ఇల్లు నడువక మా నాయిన మహారాష్ట్రల ఉన్న భీవండి పోయిండు, ఏడాది అయినంక మమ్ముల గూడ తీస్కపోయిండు. నాకు గప్పుడు 7 ఏండ్లు. భీవండిల పద్మనగర్ దిక్కు పోతే మొత్తం మన తెలుగోళ్ళే, సాలోళ్ళే, ఆడ రూము దొరికినంక బతుకు జర అలకగైంది గని మొదటి ఏడాది మేము ఒక మరాఠోళ్ళ చాల్‌ల ఉన్నం. మా అమ్మ నన్ను బడిల ఎయ్యాలని రెండు సార్లు పోయింది. ఆడ గుమాస్తా మరాఠీల ఏదో అంటడు, మా అమ్మకు ఒక్క ముక్క అర్థం కాదు, తల ఊపి ఇంటికొస్తది. ఇంట్ల మా నాయినకు మాత్రం "రేపు రమ్మన్నరు" అని చెప్తది. మూడోసారి ఎదురు రూము ముసలామె, మేము ఆజీ అనేటోళ్ళం, ఆమె తన ఇంటికి తాళమేసి మా అమ్మ చెయ్యి పట్టుకొని బడికి వచ్చింది. గుమాస్తా ముంగట బల్ల మీద కూసొని "హీ మాఝీ ములగీ ఆహే", ఈమె నా బిడ్డ, పిల్ల పేరు రాసేదాక లేవ అన్నది. తెచ్చుకున్న తంబాకు డబ్బా తీసి సున్నం రాస్కుంట కూసున్నది. అర్ధగంటల పేరు ఎక్కింది. రిజిస్టర్ల ఎక్కుడు ఎక్కుడే తప్పు ఎక్కింది, ఆ తప్పు పేరు నాకు పదో తరగతి దాక తిప్పలు పెట్టింది, అది వేరే కథ.

ఆ ఆజీ మాకు ఎప్పుడు బట్టలు ఇయ్యలే, పైసలు ఇయ్యలే. పైగ మా అమ్మ పచ్చిపులుసు పోపు పెడితే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. సచ్చేదాక మమ్ముల మద్రాసీ అనే పిలిచింది, వరంగల్ మద్రాసుల లేదని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పినా. మరి మీ కాలనోళ్ళు ఒడిశావాళ్ళను బిహారోళ్ళు అంటున్నరు కదా, అంతే అది. గని కౌంటరు కాడికి వెంట వచ్చింది, మా తరఫున నోరు తెరిచింది. ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని గూడ అదే చెల్లె, వెంట పోవుడు. రేషన్ షాపుకు వెంట, బడికి వెంట, దవాఖానకు వెంట. సర్కారు స్కీములు చానానే ఉన్నయి, ఆడికి పోయి మన భాషల గట్టిగ అడిగే మనిషి ఒక్కరు లేకనే అవి వాళ్ళ దాక వస్తలేవు.

ముందుగాల ఆదివారం పొద్దుగాల పో, మాపటికి పోకు, ఏడు గంటలకు ఆమె ఒళ్ళు హూనమై వస్తది, పొయ్యి ముట్టియ్యాలె, పిల్లలకు పెట్టాలె, నీ మాటలు వినే ఓపిక ఉండది. సర్వపిండి చేసి ఒక పెంక పట్టుకపో. పేరడుగు, ఊరి పేరడుగు. ఆయనకు హిందీ వచ్చే ఉంటది, మన వరంగల్ హిందీ నీకు రానే వస్తది. అట్లనే ఆమె నుంచి గూడ ఏదన్న తీసుకో, అడిగి మరీ తీసుకో. వాళ్ళు రాత్రి అన్నంల నీళ్ళు పోసి తెల్లారి తింటరు, పఖాల అంటరు, మన సద్దన్నం అసొంటిదే, ఉల్లిగడ్డ కొరుక్కుంట తింటరు. ఒక గిన్నెడు పెట్టమను. పెట్టిచ్చుకొని తిన్నవంటే ఆమె ఇంట్ల నువ్వు చుట్టమైతవు, అటెన్క నువ్వు ఇచ్చేది గూడ ఇచ్చి పుచ్చుకున్నట్టే ఉంటది. ఇంకొకటి, గేటు కాడ ఎనిమిది నెలలు నిలవడ్డ పిల్లకు మీ అందరికంటె ఎక్కువ తెలుగు వచ్చే ఉంటది, చిన్న చిన్న ముచ్చట్లకు ఆమెనే దుబాసి చేసుకో. దవాఖాన సంగతులు, పైసల సంగతులు మాత్రం పిల్ల నోటి నుంచి చెప్పియ్యకు. అమ్మకు ఏం బీమారో డాక్టరుకు చెప్పుడు తొమ్మిదేండ్ల పిల్ల చేసే పని కాదు, నేను చేసిన, నాకు తెలుసు.

ఇగ ఆధార్ కార్డుల సంగతి. నీ ఉత్తరంల నాకు అన్నిటికంటె గుబులు పుట్టిచ్చిన ముక్క అదే, నువ్వేమో నడుమల ఒక్క లైన్ల అనేసినవు. కూలోళ్ళ కార్డులు తన దగ్గర పెట్టుకునే హక్కు ఏ సేటుకు లేదు. జిరాక్స్ కోసం తీసుకొని మర్చిపోయిండా, లేకుంటే అడ్వాన్స్ ఇచ్చి పోనియ్యకుండ పట్టుకున్నడా అనేది తెలుసుకోవాలె, రెండిట్ల మస్తు తేడా ఉన్నది. పడమటి ఒడిశాల, అంటే బలంగీర్, నువాపడా, కలహండి దిక్కు, పంటలు సరిగ పండక ఊర్లకూర్లు పనికి బయలెల్తయి. ఊర్లెకు సర్దార్, అంటే కూలోళ్ళను కుదిర్చి తోలుకపోయే మేస్త్రీ, వచ్చి ముందుగాలనే అడ్వాన్స్ ఇస్తడు, ఆ అడ్వాన్స్ తీరేదాక పని చేయాలె. మన పెద్దపల్లి, కరీంనగర్ ఇటుక బట్టీలకు ఏటా వచ్చే వాళ్ళు గూడ గట్లనే వస్తరు. దీన్ని ఆడ దాదన్ అంటరు. దీని మీద ఒడిశా 1975లనే చట్టం చేసింది, 1979ల కేంద్రం దేశం మొత్తానికి వలస కార్మికుల చట్టం తెచ్చింది, ఇప్పుడు అది 2020 లేబర్ కోడ్‌ల కలిసిపోయింది. అప్పు తీరేదాక పని ఇడిసి పోవద్దు అని ఎవలన్న ఆపితే అది వెట్టిచాకిరి, 1976 నుంచి నేరం, దాన్ని చూసుకునే బాధ్యత కలెక్టర్, ఆర్డీవోలది.

ఇవన్ని చెప్పిన అని నువ్వు ఉరికి మిల్లు గేటు కాడ సేటుతోని లొల్లి పెట్టుకోకు. మాపటి వరకు పని పోయేది ఆమె మొగనిది, నీది కాదు. ముందు ఆయననే అడుగు, నిమ్మళంగ, భార్య ముంగట: కూలి వారం వారం వస్తున్నదా, ఊరికి పోతనంటే పోనిస్తరా, అడ్వాన్స్ ఎంత మిగిలింది. అంత మంచిగనే ఉంటే "పిల్లను బడిల ఏస్తున్న, కార్డు అడుగుతున్నరు" అని ఆయననే అడిగి తెచ్చుకొమ్మను, గీ మాటకు చానామంది సేట్లు ఇచ్చేస్తరు. ఇయ్యకపోతే అసలు కార్డు కోసం కొట్లాడే పని గూడ లేదు, ఫోన్ నంబరు లింకై ఉంటే ఓటీపీతోని ఈ-ఆధార్ దించుకోవచ్చు, ఆ ప్రింటు అసలు కార్డుతోని సమానం. లింకై లేకపోతే ఆధార్ సెంటర్‌కు తీస్కపోయి వేలిముద్రతోని నంబరు లింక్ చేపియ్యి. మాటల్ల భయం కనిపిచ్చిందనుకో, గప్పుడు లేబర్ ఆఫీసు, లేదంటే సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణి. గని వాళ్ళు సరే అంటేనే. వాళ్ళు వద్దంటే ఆగు, వాళ్ళ ఊర్ల సర్దార్‌తోని ఏం లెక్కలున్నయో మనకు తెల్వదు.

రేషన్ మాత్రం అలకనే, ఈ వారమే చేసేయొచ్చు. వన్ నేషన్ వన్ రేషన్ అనేది 2019 ఆగస్టుల మొదలైనప్పుడు మన తెలంగాణ, ఆంధ్ర ఒక జత, మహారాష్ట్ర, గుజరాత్ ఒక జత, అంటే ముందుగాల మన దగ్గర్నే ట్రై చేసిండ్రు. 2022 వరకు దేశమంత వచ్చింది. వాళ్ళ ఒడిశా కార్డు నంబరు గాని ఆధార్ నంబరు గాని ఉంటే చాలు, కార్డు చేతుల ఉండాలని గూడ లేదు, మీ గల్లీ రేషన్ షాపుల వేలు పెడితే మనిషికి 5 కిలోల బియ్యం ఫ్రీగ రావాలె. మన తెలంగాణ కార్డుకైతే 6 కిలోలు, వాళ్ళకు కేంద్రం లెక్క 5. ఐదుగురి పేర్లుంటే నెలకు 25 కిలోలు, తక్కువనా? ఊర్ల ముసలోళ్ళు అదే కార్డు మీద ఉంటే వాళ్ళ వంతు ఆడ, వీళ్ళ వంతు ఈడ తీసుకోవచ్చు, ఇది చానామందికి తెల్వదు, ఈడ తీసుకుంటే ఊర్లె అమ్మానాయినకు బంద్ అయితదని భయపడి అడుగనే అడుగరు. డీలరు "మీ ఊర్ల తీస్కోండ్రి" అంటడు, అంటే నువ్వు నవ్వుకుంటనే "మిషన్ల నంబరు కొట్టి చూడు అన్నా" అను. అయినా ఇయ్యకుంటే 1967కు ఫోన్ కొట్టు. సిమెంటు పని చేసేటోళ్ళకు వేళ్ళ మీద గీతలు అరిగిపోతయి, మిషన్ తీసుకోదు. మా గల్లీ డీలరు తడిబట్టతోని వేలు తుడిచి, మళ్ళ ఆరబెట్టి, నాలుగు వేళ్ళు ట్రై చేస్తడు. అప్పటికీ పడకపోతే కన్ను చూసే మిషన్ అడుగు. మొదటిసారి నువ్వు పక్కన ఉన్నవంటే రెండోసారి నుంచి ఆమెనే పోతది.

గ్యాస్ గూడ అంతే, కొత్త కనెక్షన్ అని తిరుగకు, ముందుగాల 5 కిలోల చిన్న సిలిండర్ తెచ్చుకొమ్మను, ఛోటూ అంటరు, దానికి అడ్రస్ ప్రూఫ్ అవసరం లేదు, ఏదన్న ఒక ఐడీ చాలు. కట్టెల పొగ రేకుల రూముల ఎట్లుంటదో నీకు నేను చెప్పాల్నా. దవాఖాన సంగతి, మీ ఏరియా ఆశా కార్యకర్తను ఒకసారి ఇంటికి పిలిచి చిన్నోని టీకాల కార్డు చూపియ్యి, ఊర్ల ఏసిన టీకాల తర్వాతవి ఈడ ఏస్తరు. బస్తీ దవాఖాన ఏడున్నదో చూపియ్యి. ఒడిశా 2025 ఏప్రిల్‌ల ఆయుష్మాన్‌ల, అంటే కేంద్రం ఆరోగ్య బీమాల, చేరింది, ఆ కార్డు వాళ్ళకుంటే ఆ లిస్టుల ఉన్న ఈడి దవాఖానల్ల గూడ నడుస్తది. ఉందా లేదా అడిగి పెట్టుకో, అర్ధరాత్రి అడుక్కునుడు కంటె మంచిది.

ఇగ పెద్దపిల్ల బడి. ఈడ నేను చేసిన తప్పు చెప్త, నువ్వు చేయకు. నాలుగేండ్ల కింద మా సందుల గూడ ఒక ఒడిశా కుటుంబం ఉండె, గిట్లనే ఒక పిల్ల. నేను పెద్ద గొప్ప పని చేస్తున్న అనుకొని ఒక ప్రైవేట్ స్కూల్ల ఫీజు కట్టి, డ్రెస్సు, బూట్లు కొనిపిచ్చి చేర్పిచ్చిన. రెండు నెలలు గూడ పోలే. నాకు కోపమొచ్చింది, "వీళ్ళకు చదువు విలువ తెల్వదు" అని నా నోటితోని నేనే అన్న, ఆ మాట ఇప్పటికీ గుచ్చుతది. సంగతి ఏందంటే ఆ పిల్లకు చెల్లె ఉన్నది, ఏడాదిన్నర పిల్ల, తల్లి పనికి పోతే దాన్ని ఎవలు పట్టాలె? పెద్దది బడికి పోతే తల్లి కూలి బంద్. నేను ఆ ఇంటికి పది సార్లు పోయిన గని ఆ ఒక్క ముక్క అడుగలే. ఏడాదిన్నర అయినంక చిన్నది అంగన్‌వాడిల కూసునే వయసుకు వచ్చింది, పెద్దది గవర్నమెంటు బడికి తనంతట తనే పోయింది. నేను కట్టిన ఫీజు పోయింది, బూట్లు గూడ కురుచైనయి.

నీ కాడ గూడ చిక్కు అదే. నడిపోన్ని అంగన్‌వాడిల కూసోబెట్టు, 3 నుంచి 6 ఏండ్ల పిల్లలు ఆడ ఉండొచ్చు, అన్నం, గుడ్డు పెడ్తరు, ఏ రాష్ట్రపోళ్ళని అడిగే పని లేదు. పాకేటోనికి బాలామృతం పాకెట్ ఇస్తరు గని వాన్ని పొద్దంత ఆడ ఉంచుకోరు. అంటే వాన్ని తొమ్మిది నుంచి నాలుగు దాక ఎవలో ఒకలు పట్టాలె. మీ సందుల ఇంటిపట్టున ఉండే ముసలామె ఎవలన్న ఉంటే, నెలకు ఇంత అని మాట్లాడు, తల్లి కొంత, మొదట్ల నాలుగు నెలలు నువ్వు కొంత. నీ చేతుల పైసలు ఉంటే పెట్టాల్సింది ఈడ చెల్లె, బట్టల మీద కాదు. మీ అమ్మను పట్టుకొమ్మని నేను చెప్ప, ఆమె భయం ఆమెది. గని ఒక పొద్దు గంటసేపు ఆమె ఒడిల కూసోబెట్టి నువ్వు బజారుకు పోయి రా, ఏమైతదో చూడు.

మీ కాలనీల ఎవలో ఒకలు తప్పక వస్తరు, "ఆ పిల్లను మా ఇంట్ల పెట్టుకుంటం, మేమే సదివిపిస్తం, ఇంట్ల చిన్న చిన్న పనులు చేస్తది" అని. మొఖం మీదనే వద్దను. 14 ఏండ్ల లోపు పిల్లను పనిల పెట్టుడు నేరం, దానికి సాయం అని పేరు పెడితే తప్పు ఒప్పు కాదు.

బడికి పోయేటప్పుడు తల్లిని తీస్కపో, నువ్వొక్కదానివే పోయి సంతకం పెట్టి రాకు. ఆమెకు ఆ పూట కూలి పోతది, అది యాది పెట్టుకొని ఏ రోజు అయితదో ఆమెనే అడుగు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏండ్ల పిల్లలను పుట్టిన సర్టిఫికెట్ లేదని, టీసీ లేదని, జూన్ దాటి వచ్చిండ్రని బడోళ్ళు వాపస్ పంపొద్దు. వయసుకు తగ్గ తరగతిల కూసోబెట్టాలె, అంటే ఈమెను నాలుగుల, ఒకటో తరగతిల చిన్నపిల్లల నడుమ కాదు. హెడ్మాస్టరుకు ఆన్‌లైన్ల పేరు ఎక్కియ్యనీకి ఆధార్ కావాలె, ఆయన తిప్పలు ఆయనవి, కసురుకుంటే నువ్వు గూడ కసురుకోకు, "ముందు కూసోబెట్టండ్రి సార్, కార్డు నేను తెస్త" అను. వినకపోతే ఎంఈవో, అంటే మండల విద్యాధికారి, దగ్గరికి పో. తెలుగు రాదు, ఏం చదువుతది అంటరు. నేను మరాఠీ ఒక్క ముక్క రాకుండ పోయిన, నాలుగు నెలలు మూగదాని లెక్క కూసున్న, ఐదో నెల నుంచి తిట్లు గూడ వచ్చినయి. మొదట్ల ఆ పిల్లకు పక్కన కూసునే ఒక్క దోస్తు కావాలె అంతే, మీ సందుల అదే బడికి పోయే ఆడపిల్ల ఉంటే ఇద్దరిని జత చేసి తోలియ్యి. ఇంటికాడ ఒడియా మాట్లాడుడు బంద్ చేయమని మాత్రం తల్లికి ఎవలన్న సలహా ఇస్తే పట్టిచ్చుకోవద్దని చెప్పు.

కాలనీ లొల్లి గురించి చానా రాసినవు, నేను తక్కువ రాస్త, ఎందుకంటే దాంట్ల సగం నీ చేతుల్లనే ఉన్నది. రెండు రేకుల రూములు కట్టి కిరాయికి ఇచ్చిండ్రు, వాటికి వేరే నల్లా ఉన్నదా? బాత్రూం ఎన్ని ఇండ్లకు ఒకటి? నల్లా వచ్చేది గంట, దానికి నాలుగిండ్లు, ఆమె ఆరు గంటలకే పనికి పోవాలె, అందరికంటె ముందు బిందె పెడ్తది, లొల్లి అయితది. గది ఒడిశా వాళ్ళ గుణం కాదు చెల్లె, మీ అమ్మ పెట్టియ్యని పైపు. ఒక డ్రమ్ము, ఒక పైపు ముక్క, రెండు వేల ఖర్చు అనుకో, సగం నోళ్ళు మూతపడ్తయి. కిరాయి ఎంత తీసుకుంటున్నరో నువ్వు రాయలే, నేను అడుగను, రశీదు మాత్రం రాసియ్యి, కిరాయి అగ్రిమెంటు ఒక కాయితం ఉంటే వాళ్ళకు సగం ఆఫీసులల్ల పని అయితది.

సైకిల్ పోయిందని అనుమానపడ్డ ఆయన ఎవలో గని, ఆయనను ఒప్పియ్యనీకి మీటింగులు పెట్టకు, నీతులు చెప్పకు. ఆయనకు ఏదన్న పని పడనియ్యి, మోటర్ దింపుడో, బియ్యం బస్తా ఎక్కిచ్చుడో, హమాలీ మనిషి ఇంటెనకనే ఉన్నడు కదా, ఒక చెయ్యి ఏస్తడు, ఛాయ్ తాగి పోతడు. కూలి పని అయితే కూలి ఇప్పియ్యి, ఊకెనే చేపిచ్చుకోనియ్యకు. వినాయక చవితికి సందుల మండపం పెడ్తరు కదా, ఆ తెల్లారే వాళ్ళకు నువాఖాయి, కొత్త బియ్యం దేవునికి పెట్టి తినే పండుగ, పడమటి ఒడిశావాళ్ళకు దాన్ని మించింది లేదు. ఒకలకొకలు "నువాఖాయి జుహార్" అని చెప్పుకుంటరు. ఆ రోజు మండపం కాడ ఆమె చేతి పిండివంట గూడ ప్రసాదంల కలిస్తే ఎట్లుంటదో ఆలోచన చెయ్యి, ముందుగాల ఆమెను అడిగే.

మీ అమ్మ గొర్రెకుంట అన్నది. వరంగల్ల ఉన్నోళ్ళం ఎవలం మర్చిపోతం? 2020 మే, లాక్‌డౌన్, ఆ బావిల నుంచి ఒక్కొక్క శవం తీసుకుంట తొమ్మిదిటిని తీసిండ్రు. చేసింది ఒక్కడు, అదే ఏడాది అక్టోబరుల కోర్టు తీర్పు చెప్పింది. మీ అమ్మకు ఒక్కటి యాది చెయ్యి, సచ్చిపోయిన తొమ్మిది మంది గూడ బతకవచ్చినోళ్ళే, వాళ్ళల్ల ఆరుగురు గోనె సంచులు కుట్టుకుంట ఏండ్లకేండ్లు ఇక్కడ బతికిన ఒక్కటే కుటుంబం. ఆ రోజులల్ల "రెండు రోజుల నుంచి వీళ్ళు కనవడ్తలేరేంది" అని అడిగే ఇరుగు పొరుగు వాళ్ళకు ఎంతమంది ఉండిరో నాకు తెల్వదు, నీ రూములకైతే మీరున్నరు. అయినా ఆమె భయాన్ని కొట్టిపారెయ్యకు. పోలీసులు కిరాయిదార్ల వివరాలు ఇయ్యమంటరు కదా, ఇద్దరు కలిసి పోయి స్టేషన్ల ఇచ్చి రాండ్రి. "నీ మీద అనుమానంతోని కాదు, కార్డన్ సెర్చ్ అని పోలీసులు ఇండ్లు వెతకనీకి వస్తే నిన్ను ఇబ్బంది పెట్టొద్దని" అని ఆయనకు ముందుగాలనే చెప్పు. అమ్మ నిద్రపోతది, ఆయన గూడ నిద్రపోతడు.

"వీళ్ళు మనల కలువరు" అనేటోళ్ళు ఎవలన్న ఉంటే కాగజ్‌నగర్ దిక్కు ఒకసారి పోయి రమ్మను. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీలకు ఆడ జాగలిచ్చిండ్రు, నజ్రుల్‌నగర్ అని ఊరే ఉన్నది. ఇప్పుడు వాళ్ళ పిల్లలు మన తెలుగే మాట్లాడ్తరు, ఇంట్ల చేపల కూర మాత్రం వాళ్ళ తీరే. మన దగ్గర్నుంచి సూరత్, భీవండి పోయినోళ్ళను మళ్ళ పిలిపియ్యాలనే గీసుగొండ కాడ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017ల రాయి ఏసిండ్రు, అంటే ఎన్ని వేల ఇండ్లు ఇడిసి పోయినమో నువ్వే లెక్క కట్టుకో. ములుగు, భూపాలపల్లి అడవులల్ల 2005 తర్వాత, నక్సలైట్లకు ఎదురుగ లేపిన సల్వా జుడుం దెబ్బకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయ ఆదివాసుల సంగతి వేరు, వాళ్ళది జాగ కాడ, కాయితం కాడ తెగని పంచాయితీ, దాని గురించి ఎవలన్న అడిగితే ఇంకోసారి రాస్త.

ఒక్కటి చెప్పుడు మర్చిపోయిన, అన్ని ఒక్కసారి మీదేసుకోకు. ఈ నెల రేషన్ ఒక్కటి చెయ్యి, అది అయితే నీ మీద నమ్మకం కుదురుతది, అటెన్క కార్డులు, చిన్నోన్ని పట్టే మనిషి, బడి. నడుమల వాళ్ళు చెప్పకుండ ఊరికి పోవచ్చు, ఎవలో సచ్చిపోయిండ్రనో, పొలం పననో. పోతే "ఇంత చేస్తే చెప్పకుండనే పోయిండ్రు" అనుకోకు, పోయేటప్పుడు చేర్చిన బడి నుంచి ఒక కాయితం రాపిచ్చి ఇయ్యి, ఊర్ల పనికొస్తది.

ఆ సంచి ఇంక నీ దగ్గర్నే ఉన్నది కదా. పాత చీరెలతోని బొంత కుట్టుడు ఒడిశాల గూడ ఉన్నదే. వానలు తగ్గినంక, సర్వపిండి తిన్నంక, పేర్లు తెలిసినంక, "నాకొక బొంత కుట్టిస్తవా" అని అడుగు, కూలి ముందుగాలనే మాట్లాడుకో. దారం మాత్రం లావుది తే, ఆమెకు ఏ రంగు కావాల్నో అడిగి తే.